సత్యవేణి ఫోను చేసిందండీ

మందుల షాపుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తూంటారు. నేను రాజోలులో ఒక చిన్న మెడికల్ షాపు కౌంటరు దగ్గర మొదలుపెట్టి, ఒక పెద్ద కంపెనీలో కోనసీమ బ్రాంచీలన్నిటికీ ఫార్మసీ ఇన్‌ఛార్జిగా ఉండి రిటైరయ్యేను. అందుకని నా దగ్గర ఏవో కిటుకులుంటాయని వాళ్ళ ఆశ. ప్రమోషన్లు ఎలా వచ్చేయి, ఇన్‌స్పెక్షన్లు ఎలా దాటేరు అని అడుగుతారు. అందులో చెప్పుకోవలసినదేమీ లేదు. వాళ్ళకి నేను చెప్పేది ఒక అమ్మాయి సంగతి. విని కొందరు నవ్వుతారు. కొందరు మాత్రం చేతిలో ఉన్న ఫోను వంక ఒకసారి చూసుకుని జేబులో పెట్టేసుకుంటారు.

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాలమీద నమ్మకం లేదు. మా నాన్నగారు బడిపంతులు. చీకట్లో భయమేస్తోందంటే ప్రార్థన చేసుకుని పడుకోమనేవారు, అంతే. నేను చెప్పబోయేదాంట్లో కూడా దయ్యం లేదు, ఉన్నదల్లా కంపెనీయే. అయినా ఆ ఏడాది, పట్టపగలు, కౌంటరు ముందు అంతమంది జనం ఉండగా నా ఒళ్ళు జలదరించిన రోజులున్నాయి.

పాత షాపు, కొత్త షాపు

నా మొదటి యజమాని కామేశ్వరరావు గారు. ఆయన మహాత్ముడేమీ కాదు. అమ్ముడుపోని టానిక్కులు నీరసంగా కనబడ్డవాళ్ళకల్లా అంటగట్టేవారు. కానీ కొత్త మాత్ర ఏదైనా ఇవ్వాలంటే మాత్రం, "ఇప్పుడేం వాడుతున్నారండీ?" అని అడగందే చేతిలో పెట్టేవారు కాదు. ఒకసారి ఒకాయన తొందరలో మాత్రలు లాక్కున్నట్టు పట్టుకుని బస్సెక్కేసేడు. కామేశ్వరరావు గారు కౌంటరు వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండు దాకా పరిగెత్తి, కిటికీలోంచి ఆ ప్రశ్న అడిగొచ్చేరు. రొప్పుతూనే నాతో అన్నారు: "కడుపులోకి వెళ్ళేక ఆ రెండు మాత్రలూ ఏం మాట్లాడుకుంటాయో మనకి వినబడదమ్మా. ముందే అడగాలి."

తర్వాత కంపెనీలొచ్చేయి. అద్దాల తలుపులు, ఏసీ, నంబరుతో టోకెను. పాతవాళ్ళు వాటిని తిడతారు గానీ నేను తిట్టను. కరెంటు పోయినా కంపెనీ షాపులో ఇన్సులిన్ చల్లగానే ఉంటుంది. బిల్లు ఇస్తారు. దొంగసరుకు రాదు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఏ మందు ఎక్కువ అమ్మాలో హైదరాబాదులో ఒకరు అనుకుంటారు. అది మింగేది రాజోలులో ఇంకొకరు. ఈ ఇద్దరూ జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ మధ్యలో నిలబడటమే ఫార్మసిస్టు ఉద్యోగం. మిగతాది సరుకు సర్దడం.

సత్యవేణి

సత్యవేణిది పలివెల. మా కొత్తపేట బ్రాంచిలో ఫార్మసిస్టు. తండ్రి లేడు. అన్నయ్య కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో తల్లి మంగతాయారు గారు, తను. మనిషి బక్కపల్చగా, జనంలో కనబడేది కాదు. కానీ ఆ గొంతు వింటే ఎవరికైనా తల తిప్పి చూడాలనిపించేది. అది తియ్యటి గొంతని కాదు. పక్కింటి పిల్ల గోడమీంచి పలకరించినట్టుండేది.

మధ్యాహ్నం కౌంటరు ఖాళీగా ఉన్నప్పుడు తనంతట తనే పాత ఖాతాదార్లకి ఫోన్లు చేసేది. "బాబాయిగారూ, నేనండీ, సత్యవేణిని. మీ బీపీ మాత్రలు అయిపోవచ్చి ఉంటాయి. ఎండ తగ్గేక వచ్చి తీసుకెళ్ళండి. ఎదురు చూస్తుంటాను." అంతే. మనుషులు వచ్చేసేవారు. మాత్రలు మధ్యలో మానేసేవాళ్ళు ఆ బ్రాంచిలో దాదాపు లేకుండాపోయేరు.

ఇది హైదరాబాదు కంటబడింది. అక్కడ మార్కెటింగు చూసే సుధీర్ గారని ఒకాయన కొత్తపేట వచ్చి, ఓ మధ్యాహ్నమంతా స్టూలుమీద కూచుని ఆ అమ్మాయి ఫోన్లు విన్నారు. చిన్నవాడు, తెలివైనవాడు, మర్యాదస్తుడు. వెళ్ళేటప్పుడు నాతో అన్నారు: "మేడమ్, ఈ గొంతు ఒక్క బ్రాంచికే ఉండిపోకూడదు."

రాజమండ్రిలో ఒక గదిలో కూచోబెట్టి రికార్డు చేయించేరు. నమస్కారాలు, మందుల పేర్లు, ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు. గొంతు బొంగురుపోయి తిరిగొచ్చింది సత్యవేణి. "కోనసీమలో ఉన్న పేర్లన్నీ పిలిచేసేనండీ మేడమ్ గారూ. ఇంకెవ్వరూ మిగల్లేదు" అని నవ్వింది.

ఆ తర్వాత అన్ని బ్రాంచీల ఖాతాదార్లకీ ఆ గొంతుతోనే, మిషనే ఫోన్లు చేసేది. అది రికార్డని తెలిసినా జనం జవాబు చెప్పేవారు. "ఆయ్, వస్తానమ్మా" అనేవారు.

పెద్దకర్మ నాడు

ఆ వర్షాకాలంలోనే సత్యవేణికి జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఉన్నట్టుండి ముదిరితే రాజమండ్రి తీసుకెళ్ళేరు. మళ్ళీ ఇంటికి రాలేదు.

పెద్దకర్మకి నేను పలివెల వెళ్ళేను. సన్నగా వాన పడుతోంది. వాకిట్లో షామియానా కింద భోజనాలు నడుస్తున్నాయి. మంగతాయారు గారు అరుగుమీద గోడకి జేరబడి ఉన్నారు. చుట్టూ ఆడవాళ్ళు. ఆవిడ ఒళ్ళో ఉన్న ఫోను మోగింది. ఆవిడకి చెవి కాస్త మందం, ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడతారు. అలవాటుగా నొక్కేరు.

"మంగతాయారు గారూ, నమస్కారమండీ. నేను సత్యవేణిని. మీ బీపీ మాత్రలు అయిపోవస్తున్నాయండీ. మర్చిపోకుండా వచ్చి తీసుకెళ్ళండి. ఎదురు చూస్తుంటాను."

వడ్డిస్తున్నవాడు గరిటె ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయేడు. ఒక ముసలావిడ పక్కనున్న పిల్లని దగ్గరకి లాక్కుని చెవులు మూసేసింది. కూతురు కన్నతల్లిని పేరు పెట్టి పిలవడమే ఒక వింతైతే, తన పెద్దకర్మ భోజనాల మధ్య పిలిచింది.

మంగతాయారు గారు ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "వస్తానే అమ్మా" అన్నారు.

బయటికొచ్చి సుధీర్ గారికి ఫోను చేసేను. ఆయన నిజంగానే కంగారుపడిపోయేరు. ఆ సాయంత్రానికల్లా ఫోన్ల జాబితాలోంచి ఆవిడ నంబరు తీయించేసేరు. అందరికీ ఆ గొంతు ఆపేయమని అడిగేను. "ఇంకో గొంతు సిద్ధం చెయ్యాలంటే టైము పడుతుంది మేడమ్. చూద్దాం" అన్నారు.

కొన్ని వారాలకి మంగతాయారు గారు కొత్తపేట షాపుకొచ్చేరు.

"మేడమ్ గారూ, నాకు అమ్మాయి ఫోను రావట్లేదండీ. ఆపేసేరా?"

"ఆయ్. మీకు బాధ కలుగుతుందని మేమే ఆపించేమండీ."

"బాధేనండీ," అన్నారావిడ. "నా బాధ నాకుంచండి. మళ్ళీ పెట్టించండి."

పెట్టించేను. సుధీర్ గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "తల్లే కావాలంటున్నారు కదా మేడమ్. ఇంక మనకేం అభ్యంతరం?" అన్నారు.

పేరు పెట్టి పిలుపు

సంగతి ఊళ్ళు దాటింది. ఆటోల్లో, సంతల్లో ఇదే మాట: పలివెల అమ్మాయి చనిపోయి కూడా మందులకి పిలుస్తోందట. చనిపోయినవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే పలక్కూడదని మా వైపు పెద్దవాళ్ళు చెబుతారు. అందుకని కొందరు ఫోను ఎత్తడం మానేసేరు. కానీ ఎక్కువమంది వచ్చేసేరు. ఇదివరకు ఫోనొచ్చేక తీరిగ్గా వచ్చేవాళ్ళు ఇప్పుడు ఆ రోజే, వానలో తడుస్తూ వచ్చేవారు.

అమలాపురం బ్రాంచిలో ఒకావిడ మందుల సంచీ తీసుకున్నాక కూడా కదల్లేదు. కౌంటరు వెనక, సరుకుల గది వైపు మెడ చాపి చూసింది. "ఏం కావాలమ్మా?" అన్నాను. "ఏం లేదండీ. ఎదురు చూస్తుంటానంది కదా. వచ్చేనని తెలియాలి కదండీ" అని, ఖాళీగా ఉన్న ఆ గుమ్మానికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళడానికి మా స్టాఫు వెనకాడేవారు. నేనే వెళ్ళి సరుకు తెచ్చేదాన్ని. వెనక్కి చూడకూడదని ఎందుకో అనిపించేది. చూసేదాన్ని కాదు.

అమ్మకాలు పెరిగేయి. ఎందుకు పెరిగేయో కంపెనీకి తెలుసు. "భయమో భక్తో, మందులు వేళకి వేసుకుంటున్నారు కదా మేడమ్. మంచిదేగా?" అనేవారు సుధీర్ గారు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఆ ప్రశ్నని తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. బీపీ మాత్ర మానేసి పక్షవాతం తెచ్చుకునేవాళ్ళని నేను చూసేను. ఆయన మాటలో కొంత నిజం ఉంది. చెడ్డ వ్యాపారం ఎప్పుడూ అలా కొంత నిజాన్ని చేతపట్టుకునే లోపలికొస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం రాజోలు బ్రాంచిలో ఉండగా నా ఫోనే మోగింది. మా స్టాఫు నంబర్లు కూడా ఖాతాల్లో ఉంటాయి.

"ఎస్తేరు గారూ, నమస్కారమండీ. నేను సత్యవేణిని. మీకోసం మన కంపెనీ కొత్త బీపీ మాత్ర వచ్చిందండీ. ధర చాలా తక్కువ..."

ఆ అమ్మాయి నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. మేడమ్ గారూ అనేది. అదొక్కటే కాదు. ఆ మాత్ర మా బ్రాంచీలకి దిగింది ఆ మధ్యనే. దానికి పేరు పెట్టేనాటికి సత్యవేణి లేదు. పుట్టని మాత్ర పేరు చనిపోయిన పిల్ల ఎలా పలికింది? కౌంటరు చెక్క అంచు పట్టుకున్నాను. నాకు తెలియకుండానే, "సత్యవేణీ?" అన్నాను.

"చెప్పండి ఎస్తేరు గారూ," అంది ఫోను.

పెట్టేసేను. వెంటనే సుధీర్ గారికి చేసేను.

"ఇప్పుడు సాఫ్టువేరు వచ్చింది మేడమ్. అప్పుడు రికార్డు చేసినదాన్ని బట్టి ఆ గొంతుతో ఏ మాటైనా పలికించొచ్చు. అడిగితే జవాబు కూడా చెబుతుంది."

"ఆ అమ్మాయి దీనికి ఒప్పుకుందాండీ?"

"గొంతు వాడుకోవడానికి ఒప్పుకుంది కదా మేడమ్."

వెంకట్రాజు గారు

రాజోలులో వెంకట్రాజు గారని కొబ్బరి వ్యాపారి. సత్యవేణిని ఆయన ఎన్నడూ చూడలేదు, గొంతే తెలుసు. ఒక ఉదయం కాలవ రేవులో కాళ్ళు కడుక్కోవడానికి వంగి, అలాగే నీళ్ళలోకి ఒరిగిపోయేరు. కొబ్బరికాయల పడవవాళ్ళు చూసి లాగబట్టి బతికేరు. బీపీ పూర్తిగా పడిపోయిందన్నారు అమలాపురం ఆస్పత్రిలో.

ఆయన మా ఖాతాదారని తెలిసి వెళ్ళేను. మంచం పక్క బల్లమీద రెండు మాత్రల అట్టలున్నాయి. ఒకటి డాక్టరు గారు రాసిన పాతది. రెండోది మా కంపెనీ కొత్తది. లోపలున్నది ఒకటే మందు, పేర్లే వేరు.

"ఈ రెండూ వేసుకుంటున్నారాండీ?"

"ఆయ్. ఇది డాక్టరు గారిచ్చేరు. ఇది సత్యవేణి చెప్పింది."

"పాతది మానేయమని చెప్పలేదాండీ?"

"లేదండీ. చెబితే మానేద్దును."

"రాజుగారూ, ఆ అమ్మాయి చనిపోయిందని మీకు తెలీదా?"

ఆయన నావంక జాలిగా చూసేరు. "ఎందుకు తెలీదండీ, తెలుసు. అందుకే నమ్మేను. బతికున్నవాడు ఏం చెప్పినా వాడి లాభం వాడికుంటుంది. చచ్చిపోయిన పిల్లకి నాతో అబద్ధం చెప్పాల్సిన పనేముందండీ?"

ఆయన భార్య మంచం కాళ్ళ దగ్గర కూచున్నారు. తల ఎత్తకుండానే అన్నారు: "ముందురోజు కూడా ఫోను చేసిందండీ. ఎదురు చూస్తుంటానంది. ఈయన్ని కాలవలోంచి తీసినప్పుడు నాకు అదే వినబడింది."

మా బ్రాంచిలో ఆ మాత్ర ఇచ్చినతను కొత్తవాడు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. "సత్యవేణి చెప్పింది" అంటే అదే చీటీ అనుకున్నాడు. అతణ్ణి తప్పుపట్టడం తేలిక. కానీ అతని పైవాళ్ళంతా కూడా ఆ గొంతుకి అలాగే అలవాటు పడిపోయేరు. నమ్మకం సంపాదించాలని మీటింగుల్లో ఎన్నోసార్లు విన్నాను. ఒక మనిషిమీద ఉన్న నమ్మకాన్ని ఆ మనిషి పోయేక ఇంకో సరుకుకి అంటించడాన్ని నేను సంపాదించడం అనను.

గొంతుకి తొడిగిన మాటలు

ఆ గొంతు ఆపకపోతే డ్రగ్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి నేనే వెళతానని కంపెనీకి రాసేను. సుధీర్ గారు అమలాపురం పరిగెత్తుకొచ్చేరు. కొత్త మాత్ర సంగతి ఫోన్లలో చెప్పించడం ఆపేస్తామన్నారు. గొంతు మాత్రం ఉంటుందన్నారు.

"అది ఉండాలని తల్లే అడిగింది మేడమ్. ఆవిడే వద్దంటే తీసేద్దాం."

ఆవిడ వద్దనరని ఆయన ధీమా. నా భయమూ అదే.

పలివెల వెళ్ళి జరిగిందంతా మంగతాయారు గారికి చెప్పేను. ఆవిడ ఆఖరుదాకా విన్నారు. తర్వాత, "ఆ రాజుగారిని ఒకసారి చూపించండి" అన్నారు.

అమలాపురం తీసుకెళ్ళేను. ఈవిడ సత్యవేణి తల్లని తెలియగానే వెంకట్రాజు గారు లేవబోయేరు. "మీ అమ్మాయి మహా మంచిదండీ. నన్ను మర్చిపోకుండా పిలిచేది" అన్నారు.

"మాత్ర చెప్పేముందు, ఇప్పుడేం వాడుతున్నారని అడిగిందాండీ?"

"లేదండీ."

"ఒక్కసారి కూడా?"

"లేదండీ."

మంగతాయారు గారు నావైపు తిరిగేరు. "నాకు తలనొప్పి మాత్ర ఇవ్వాలన్నా పొద్దున్నించీ ఏం మింగేవో చెప్పమ్మా అని ప్రాణం తీసేదండీ. అది అడక్కుండా ఇచ్చిందంటే, ఇన్నాళ్ళూ నేను మాట్లాడుతున్నది దాంతో కాదు." ఆస్పత్రి వరండాలో బెంచీమీద కూలబడ్డారు. "మరి ఎవరితోనండీ?"

చెప్పడానికి ఎన్ని సాంకేతిక మాటలున్నా, ఆ వరండాలో అవేవీ నోటికి రాలేదు.

అక్కణ్ణించి అమలాపురం బ్రాంచికి వెళ్ళేం. సుధీర్ గారు కుర్చీ వేసేరు. ఆవిడ కూచోలేదు.

"బాబూ, నేనడిగింది మా అమ్మాయి గొంతు. మీరు దానికి మీ మాటలు తొడిగేరు. నా బిడ్డ బతికినన్నాళ్ళూ ఎవరికీ తప్పు మందు ఇవ్వలేదు. చచ్చేక దాని చేత ఇప్పించేరు. తీసెయ్యండి."

సుధీర్ గారు తల వంచుకున్నారు. "తీసేస్తామండీ. మీ నంబరు ఇవాళే తీయిస్తాను."

"నాది మీరు తియ్యొద్దు," అన్నారావిడ. "నేనే దానికి చెప్పి పంపించుకుంటాను."

కంపెనీ మనసు కరిగి ఆపిందని నేను చెప్పను. నా ఉత్తరం ఉంది. వెంకట్రాజు గారి బంధువుల్లో ప్లీడర్లున్నారు. ఏదైతేనేం, కొన్నాళ్ళకి ఎవరిదో వేరే గొంతు పెట్టేరు. అమ్మకాలు తగ్గేయి. నన్ను బ్రాంచీలనుంచి తప్పించి ట్రైనింగుకి వేసేరు, అక్కడే రిటైరయ్యేను. సుధీర్ గారు ఇంకో కంపెనీకి వెళ్ళిపోయేరు. క్రిస్మస్‌కి ఫోను చేస్తారు. ఈ విషయం ఆయనా ఎత్తరు, నేనూ ఎత్తను.

చివరి ఫోను

మంగతాయారు గారికి ఆ గొంతుతో చివరి ఫోను రావలసిన రోజు నన్ను రమ్మన్నారు. ఆవిడ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని అరుగుమీద కూచున్నారు. ఎండ కాస్తోంది. వీధిలో ఎవరో కొబ్బరి డొక్కలు ఎండబెడుతున్నారు. ఫోను మోగింది.

"మంగతాయారు గారూ, నమస్కారమండీ. నేను సత్యవేణిని."

ఆవిడ కళ్ళు మూసుకుని అంతా విన్నారు. మాత్రల సంగతి చెప్పడం అయింది. "ఇకమీదట ఈ ఫోన్లు రాకూడదనుకుంటే, వద్దు అని చెప్పండి" అంది గొంతు.

ఆవిడ ఫోను రెండు చేతులతో పట్టుకున్నారు. పెదవులు కదిలేయి.

"వద్దు తల్లీ."

"సరిగ్గా వినబడలేదండీ. మళ్ళీ చెప్పండి."

ఆవిడ నావంక చూసేరు. ఆ చూపు నేను భరించలేకపోయేను. నేను చెబుతానని చెయ్యి చాపేను. ఆవిడ ఫోను గుండెలకి లాక్కుని, వీధిలోవాళ్ళు తిరిగి చూసేటంత గట్టిగా అన్నారు.

"వద్దు."

కాసేపు ఏమీ లేదు. మామూలుగా అంతసేపు పట్టదు.

"అలాగేనండీ. ఇంక చెయ్యను. ఉంటానండీ."

ఫోను ఆగిపోయింది. ఆవిడ చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని ఉన్నారు. తర్వాత అడిగేరు: "ఉంటానంది కదండీ?"

"ఫోను పెట్టేసేటప్పుడు అందరం అనే మాటేనండీ అది" అన్నాను.

"ఆయ్," అన్నారావిడ. ఇద్దరం కూడా గుమ్మం వైపు చూడలేదు.

ఇప్పుడు ఆవిడ మాత్రలు అయిపోవచ్చేసరికి నేనే ఫోను చేస్తాను. ఎత్తేక వెంటనే మాట్లాడరు. అవతల ఎవరో తెలిసేదాకా ఊపిరి బిగబట్టి వింటారు. "నేనండీ, ఎస్తేరుని" అంటాను.

"మీరేనా అండీ" అంటారు. ఆ మాటలో ఉన్నది ఊరటో, నిరాశో నాకు ఇప్పటికీ తెలీదు.